పోగు సాగే మూడు వారాలు
(స్మారకోపన్యాస పాఠం)



మాకు చదువు చెప్పిన సారు పేరున జరిగే ఈ ఉపన్యాసానికి పత్తి మొక్కను విషయంగా తీసుకున్నాను. వృక్షశాస్త్రం చెప్పేటప్పుడు ఆయన ఉదాహరణ ఎప్పుడూ ఈ మొక్కే. పాఠ్యపుస్తకంలో మందారం బొమ్మ ఉంటే దాన్ని పక్కన పెట్టి, అదే కుటుంబానికి చెందిన పత్తిపూవును మా చేతికిచ్చేవారు. ఇంట్లో అప్పు తీరడం, అక్క పెళ్లి, తమ్ముడి చదువు ఏ మొక్క మీద ఆధారపడి ఉన్నాయో, ఆ మొక్క లోపల ఏం జరుగుతుందో మన జిల్లాల పిల్లలకు తెలియాలని ఆయన పట్టుదల. నేను ఈ పూట చెప్పదలచుకున్నదీ ఆ దారిలోదే. పత్తికి మనం ధర కట్టేది పోగు పొడవును బట్టి. ఆ పొడవు తేలిపోయేది పూవు పూసిన తర్వాత సుమారు మూడు వారాల్లో. ఆ మూడు వారాల్లో నేలలో పదును ఉంటుందో లేదో కర్నూలు, కడప మెట్టల్లో ఏ రైతూ ముందుగా చెప్పలేడు. ఈ మూడు సంగతులనూ ఒకచోట పెట్టి చూస్తే, మనం ఏ పత్తి వేస్తున్నాం, ఎవరి అవసరం కోసం వేస్తున్నాం అన్న ప్రశ్న తప్పదు.

మొదట నేల సంగతి. నంద్యాల, కోయిలకుంట్ల నుంచి కుందూ వెంబడి రాజుపాళెం మీదుగా ప్రొద్దుటూరుకు, అక్కడి నుంచి పెన్న వెంట జమ్మలమడుగుకు పోతే దారి పొడవునా నల్లరేగడి. తడిస్తే ఉబ్బి, ఆరితే ముడుచుకునే బంకమన్ను అది. ఎండాకాలంలో ఆ చేలల్లో గొడ్డు కాలు ఇరుక్కునేంత నెర్రెలు పడతాయి. ఒకసారి లోతుగా నానిందంటే మాత్రం నెలల తరబడి తేమను పట్టి ఉంచుతుంది. పడమటికి, ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు పోయేకొద్దీ నల్లనేల, ఎర్రనేల కలగలుపుగా వస్తాయి. ఎర్రనేల త్వరగా తడుస్తుంది, త్వరగా ఆరుతుంది. ఏడాది మొత్తం మీద పడే వాన 600, 700 మిల్లీమీటర్ల నడుమ. అందులో పెద్ద భాగం ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, అది కూడా కొద్ది రోజుల్లోనే కుమ్మరించి పోతుంది.

ఈ వానకు, ఈ నేలలకు తగ్గట్టు మన పెద్దలు రెండు అదనులు పెట్టుకున్నారు. తొలకరి జల్లులకే వేసేది ముంగారి పత్తి. రేగడి బాగా నానాక ఆగస్టు, సెప్టెంబరుల్లో వేసేది హింగారి పత్తి. హింగారి పైరుకు పైనుంచి పడే వాన కొద్ది. నేలలో దాగిన తేమ మీద, చలికాలపు మంచు మీద నడిచి ఫిబ్రవరి, మార్చి దాకా పత్తి ఇచ్చేది. విత్తడానికి కూడా ఒక పద్ధతి ఉండేది. పత్తిగింజకు చుట్టూ నూగు ఉంటుంది కాబట్టి గింజలు ఒకదాన్నొకటి పట్టుకుని జడ్డిగంలో సరిగా జారవు. అందుకని పేడనీళ్లలో మట్టి కలిపి, గింజల్ని అందులో వేసి, నూగు అణిగేదాకా అరచేత్తో రుద్ది ఆరబెట్టి, అప్పుడు గొర్రుకు పోసేవాళ్లు. కొర్ర సాళ్ల నడుమ పత్తి సాలు వేసేవాళ్లు. కొర్ర మూడు నెలల్లో ఇంటికొచ్చి తిండిగింజలు, పశువుకు మేత ఇచ్చేది. అది కోశాక ఆ చోటంతా పత్తిదే.

మొలక వచ్చిన తొలి వారాల్లో పత్తి మొక్కను చూసి కొత్తవాళ్లు నిరాశపడతారు. పైన కనిపించే ఎదుగుదల అంత తక్కువ. అప్పుడు పనంతా నేల కింద జరుగుతోంది. పైన జానెడు మొక్క ఉన్న రోజుకు కింద మూరెడు తల్లివేరు దిగి ఉంటుంది. రేగడి లోతుల్లో ఉన్న తేమను అందుకోవడానికి మొక్క ముందుగా చేసుకునే ఏర్పాటు ఇది. తర్వాత కొమ్మలు వస్తాయి. అడుగున పుట్టే కొమ్మలు కాండంలాగే నిటారుగా పెరుగుతాయి, వాటికి నేరుగా కాపు రాదు. కాపు కొమ్మలు వాటికి పైన, అడ్డంగా, వంకర్లు తిరుగుతూ సాగుతాయి. ప్రతి కణుపు దగ్గరా ఆకుకు ఎదురుగా ఒక గూడ, అంటే మొగ్గ, పెడతాయి. పూతకు కూడా ఒక వరుస ఉంది. ఒక కొమ్మ మీద కాండానికి దగ్గరున్న గూడ పూశాక, దాని పై కొమ్మలో అదే చోటున్న గూడ పూయడానికి సుమారు మూడు రోజులు, అదే కొమ్మలో పక్క గూడ పూయడానికి ఆరు రోజులు పడుతుంది. అందుకే పత్తిచేను ఒక్కసారిగా పూయదు. కింది నుంచి పైకి, లోపలి నుంచి బయటికి వారాల తరబడి పూస్తూ పోతుంది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. పత్తి స్వభావరీత్యా ఏడాది పైరు కాదు. ఏళ్ల తరబడి బతికే పొద అది. దీపపు వత్తుల కోసం పెరట్లో పెంచిన పత్తి చెట్టు మనిషి ఎత్తు దాటి, ఏటేటా కాయడం మనలో చాలామంది చూసే ఉంటారు. మనం దున్ని, విత్తి, పెరికే ఏడాది పంటగా మార్చుకున్నా ఆ పొద గుణం మొక్కను వదల్లేదు. బెట్ట వస్తే గూడను, లేత పిందెను రాల్చేసి, మోయగలిగినన్ని కాయల్ని మాత్రమే ఉంచుకుంటుంది. వాన పడ్డాక మళ్లీ గూడ పెడుతుంది. జొన్న కంకి ఈనే వేళకు వాన తప్పితే ఆ ఏటికి గింజ లేనట్టే. పత్తికి రెండో అవకాశం ఉంటుంది. కరువు నేలలో ఈ మొక్క ఇన్ని వందల ఏళ్లు నిలిచింది ఈ గుణం వల్లేనని నా నమ్మకం.

ఇప్పుడు పోగు దగ్గరికి వస్తాను. పూవు పొద్దున విచ్చుకుంటుంది. నాటు పత్తి పూవుకు పసుపు రేకులు, అడుగున ముదురు ఎరుపు మచ్చ. అమెరికన్ పత్తి పూవు మీగడ రంగులో విచ్చుకుని మర్నాటికి గులాబీ రంగుకు తిరిగి వాడిపోతుంది. ఆ తొలి పొద్దునే పోగు పుడుతుంది. పూవు అడుగున ఉన్న చిన్న పిందెలో మూడు నుంచి అయిదు అరలు, ఒక్కో అరలో కొన్ని అండాలు ఉంటాయి. ఈ అండాలే రేపటి గింజలు. అండం పైపొరలో ఉన్న కణాల్లో సుమారు నాలుగో వంతు, పూవు విచ్చిన రోజే పైకి ఉబ్బి బయలుదేరతాయి. మిగిలినవి గింజ తొక్కలో కలిసిపోతాయి. నాలుగైదు రోజులు ఆలస్యంగా మరికొన్ని లేస్తాయి గానీ అవి పొడవు సాగవు. జిన్నింగులో దూది వదిలాక కూడా గింజను అంటిపెట్టుకుని ఉండే నూగు అవే.

అంటే ఒక్కో పోగు ఒక్కో కణం. ఎన్నిసార్లు చదివినా, ఎంతమంది పిల్లలకు చెప్పినా నాకు ఈ ఆశ్చర్యం తీరలేదు. ఒంటిమీది కణాల్లో చాలావాటిని సూక్ష్మదర్శిని లేకుండా చూడలేం. పత్తి పోగు వెడల్పు మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు మించదు, పొడవు మాత్రం మూడు సెంటీమీటర్ల దాకా పోతుంది. ఒక్క గింజ మీద ఇలాంటి కణాలు పదివేలకు పైగా ఉంటాయి. మన ఒంటిమీది నూలుచొక్కా అంతా గింజ తొక్క మీద మొలిచిన ఒంటరి కణాలే.

ఆ కణం పొడవు సాగేది నీటి బలంతో. కణం లోపల పెద్ద నీటి అర ఒకటి ఏర్పడుతుంది. అందులో పొటాషియం లవణాలు, చక్కెరలు చేరి బయటి నీటిని లోపలికి లాగుతాయి. లోపలి ఒత్తిడి పెరిగి గోడను నెడుతుంది. గోడ ఇంకా పల్చగా, సాగే గుణంతో ఉంటుంది కాబట్టి నిడివిగా సాగుతుంది. చురుగ్గా సాగే రోజుల్లో రోజుకు రెండు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. ఈ దశలో పక్క కణాలతో ఉండే సన్నటి దారులు కొద్ది రోజులు మూసుకుపోతాయని, దానివల్ల లోపలి ఒత్తిడి నిలుస్తుందని పరిశోధకులు కనిపెట్టారు. ఇదంతా జరగాలంటే వేరు నీరు పంపాలి. నీరు తగ్గితే ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే సాగడం మందగిస్తుంది. మూడు వారాలు దాటాక ఈ దశ ముగుస్తుంది. ఆ తర్వాత చెరువులు నిండేంత వాన పడినా ఆ పోగుకు ఒక్క మిల్లీమీటరు కూడా కలవదు.

ప్రయోగశాలలో సారు మాచేత చేయించిన పని ఒకటి గుర్తుంది. సుమారు ఇరవై రోజుల వయసున్న పచ్చికాయను బ్లేడుతో నిలువుగా చీల్చాలి. చీల్చగానే తడి బయటికి వస్తుంది. అరలో గింజలు ఇంకా మెత్తగా, తెల్లగా ఉంటాయి. చుట్టూ ఉన్న పోగులు ఒక జిగురు ముద్దగా అరకు అతుక్కుని ఉంటాయి, దూది అని పోల్చుకోలేం. ఆ ముద్దను గాజుపలక మీద నీటిచుక్కలో వేసి సూదితో మెల్లగా విడదీస్తే అప్పుడు పోగులు ఒక్కొక్కటే విడివడి తేలతాయి. చూపుడువేలికి అంటుకున్న ఆ తడిని చూపించి, “ఈ నీళ్లు యాడనుంచి వచ్చినాయో మీ నాయనను అడుగు” అనేవారు సారు. కోయిలకుంట్ల వైపు పిల్లలు, ఆదోని వైపు పిల్లలు ఆ ప్రశ్నకు వేర్వేరు జవాబులు తెచ్చేవాళ్లు.

సాగడం ఆగే వేళకు రెండో పని మొదలవుతుంది. గోడకు లోపలివైపున సెల్యులోజు పొర మీద పొర చేరుతుంది. పగటి వేడికి, రాత్రి చలికి ఆ పొర దట్టం మారుతూ ఉంటుంది కాబట్టి, అడ్డంగా కోసిన పోగును సూక్ష్మదర్శిని కింద చూస్తే రోజుల లెక్కన వలయాలు కనిపిస్తాయి. మరో మూడు, నాలుగు వారాలకు పోగులో 90 శాతానికి పైగా సెల్యులోజే. పూసిన 50 రోజుల ప్రాంతంలో కాయ గోడ ఎండి అతుకుల వెంట పగులుతుంది. గాలి సోకాక పోగులో మిగిలిన నీరు ఆరిపోయి, నీళ్లు వదిలేసిన గుడ్డ పైపు చదునుగా పడ్డట్టు, గుండ్రని కణం చదునై మెలికలు తిరుగుతుంది. మెలికలు కొంతదూరం ఒక వైపు, కొంతదూరం మరో వైపు తిరుగుతాయి. రాట్నం మీద ఏకును లాగితే పోగును పోగు పట్టుకుని నూలు సాగేది ఈ మెలికల వల్లనే.

ఈ రెండో దశలో చేను ఎండితేనో, పురుగు కాయలోకి దూరితేనో గోడ మందమెక్కదు. పొడవు ఉంటుంది, బలం ఉండదు. అలాంటి పోగు ఆరాక సరిగా మెలిక పడదు, పక్కవాటితో చిక్కుపడి ఉండ కడుతుంది. రంగు పట్టదు. ఎమ్మిగనూరులోనో, మాధవరంలోనో అద్దకం చేసిన గుడ్డ మీద సన్నటి తెల్ల చుక్కలు కనబడితే నిష్ఠూరం నేతగాడి మీదికో, అద్దకందారు మీదికో పోతుంది. ఆ చుక్కల మూలం చాలాసార్లు ఎక్కడో కాయ ముదిరే రోజుల్లో ఎండిన చేనులో ఉంటుంది. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టి మగ్గాన్ని నిలబెట్టారు. మగ్గానికి సంఘం ఉన్నంత బలంగా మగ్గానికి నూలునిచ్చే చేనుకు సంఘం లేకపోవడం మన ప్రాంతపు లోటుగానే ఉండిపోయింది.

పూత వారాల తరబడి సాగుతుందని, ఒక్కో పోగుకు దాని మూడు వారాలే లెక్క అని చెప్పాను. ఈ రెండూ కలిస్తే ఒకే చెట్టు మీది కింది కాయ, నడిమి కాయ, పై కాయ మూడు రకాల కాలంలో పెరిగినవి. సెప్టెంబరు వానల్లో సాగిన పోగు, నవంబరు బెట్టలో సాగిన పోగు ఒకటి కావు. తొలి తీత, నడిమి తీత, ఆఖరి తీత వేర్వేరు సరుకులు. మన ఇళ్లల్లో మూడింటినీ ఒకే గదిలో పోస్తాం, ఎందుకంటే ఉన్నది ఒకటే గది. ఆదోని మార్కెట్ యార్డులో కొనేవాడు కుప్పలోకి చెయ్యి పెట్టి చిటికెడు దూది తీస్తాడు. గింజ వదిలించి, రెండు బొటనవేళ్ల మధ్య పట్టి లాగి, తెగిన కొసలను మళ్లీ కలిపి లాగి, పోగు నిడివి, బలం చేత్తోనే తేలుస్తాడు. నేర్చిన చెయ్యి తప్పు చెప్పదు. ఆ చిటికెడు ఆఖరి తీతదైతే మొత్తం కుప్పకు ఆ ధర కడతారు. 2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర మధ్యరకం పోగుకు క్వింటాలు 7,710 రూపాయలు, పొడుగు పోగుకు 8,110 రూపాయలు. కొనుగోలు కేంద్రంలో తేమ 12 శాతం దాటితే ఆ ధర కూడా దక్కదు. సాగేటప్పుడు తేమ లేక పోగు పొట్టిదై ధర పోయిన రైతుకు, తీసేటప్పుడు ఒక్క అకాల వాన పడి తేమ ఎక్కువై ధర పోవడం నేను చూశాను.

ఇక పాత చరిత్ర కొంత. మద్రాసు రాష్ట్రంలో పత్తి వ్యాపారులు నంద్యాల, కోయిలకుంట్ల వైపు సరుకును నార్తర్న్స్ అని, బళ్లారి, ఆదోని, అనంతపురం వైపు సరుకును వెస్టర్న్స్ అని పిలిచేవారు. మొదటిది ఆర్బోరియం జాతి, రెండోది ప్రధానంగా హెర్బేషియం జాతి. రెండూ పాత ప్రపంచపు పత్తులు, కణానికి 26 క్రోమోజోములు. అమెరికన్ పత్తి హిర్సూటంకు 52. ఎన్నో లక్షల ఏళ్ల కిందట పాత ప్రపంచపు పత్తి జాతి ఒకటి, అమెరికా ఖండంలోని అడవి పత్తి ఒకటి కలిసి దాని పుట్టుకకు కారణమయ్యాయి. ఆ అమెరికా అడవి పత్తికి వడకదగ్గ పోగే లేదు. అంటే ఈనాడు ప్రపంచ మార్కెట్టును ఏలే పొడుగు పోగులో సగం వారసత్వం మన నాటు పత్తి బంధువులది. క్రోమోజోముల లెక్క కుదరదు కాబట్టి నాటు చేను, అమెరికన్ చేను పక్కపక్కన ఉన్నా వాటి సంతానం వంధ్యమవుతుంది, విత్తనం కలవదు.

లాంకషైర్ మరలకు పొడుగు పోగు కావాలి. మన పోగు అంగుళానికి తక్కువ. 1840లలో ఈస్టిండియా కంపెనీ అమెరికా నుంచి తోటదారులను రప్పించింది. కోయంబత్తూరులో రాబర్ట్ వైట్ అనే వృక్షశాస్త్రవేత్త పర్యవేక్షణలో అమెరికన్ పత్తి పెంచి చూశారు. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై అక్కడి సరుకు ఆగిపోయాక మన పొట్టి పోగుకూ గిరాకీ వచ్చింది. యుద్ధం ముగిశాక ఆ గిరాకీ కూడా పడిపోయింది. అదే దశాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి కడప దాకా కాలువ తవ్వింది. మనం కె.సి. కెనాల్ అంటున్నది అదే. రేగడి రైతులు ఆ నీటికి ముందుకు రాలేదు. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి, 1882లో కాలువ ప్రభుత్వం చేతికి వెళ్లింది. రైతుకు తెలివి చాలక నీరు వద్దన్నాడని అనుకోవడం తేలిక. పత్తి వేరుకు నీరు ఎంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. తేమ పట్టి ఉంచే రేగడిలో పైనుంచి మళ్లీ నీరు పెడితే వేరుకు ఊపిరాడదు, గూడ రాలిపోతుంది. ఆ రోజుల నాటు పత్తికి కాలువ అక్కర్లేదు. రైతు తన నేలను, తన మొక్కను ఎరిగి తీసుకున్న నిర్ణయం అది.

నంద్యాలలో 1906లో వ్యవసాయ క్షేత్రం మొదలైంది. నార్తర్న్స్ చేలల నుంచి మంచి మొక్కల్ని ఎంచి, విడిగా పెంచి, మేలురకాలు తీయడం అక్కడి తొలి పనుల్లో ఒకటి. ఇలాంటి కేంద్రాల్లో పోగు కొలవడం చూడదగ్గ పని. గింజను వేళ్ల మధ్య పట్టుకుని, పోగును సన్నదువ్వెనతో రెండు పక్కలకూ చదునుగా దువ్వి, స్కేలు పెట్టి పొడవు చదువుతారు. ఒక్క గింజ దగ్గర తొందరపడితే ఆ వంశం మొత్తం లెక్క తప్పుతుంది. నరసింహ అనే అమెరికన్ రకం నంద్యాలదే, రాష్ట్రమంతా పేరు తెచ్చుకుంది. శ్రీనంది, యాగంటి లాంటి నాటు రకాలూ అక్కడివే. వాటి పేర్లు ఈనాటి కుర్ర రైతులకు తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

1970లో సూరత్‌లో సి.టి. పటేల్ హెచ్-4 అనే సంకర పత్తిని ఇచ్చారు. 1972లో ధార్వాడలో బి.హెచ్. కతార్కి వరలక్ష్మి అనే మరో సంకరాన్ని ఇచ్చారు. సంకర పత్తిని వ్యాపార స్థాయిలో పండించిన తొలి దేశం మనది. ఆ విత్తనం తయారుచేసే పని నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల చుట్టుపక్కలకు, తుంగభద్రకు అవతల గద్వాల వైపుకు వచ్చింది. ఊళ్లల్లో దాన్ని క్రాసింగ్ పని అంటారు. మర్నాడు విచ్చే మొగ్గను సాయంత్రమే గుర్తుపట్టాలి. బొటనగోటితో అడుగున గాటుపెట్టి, రేకుల్నీ వాటిని అంటుకుని ఉన్న కేసరాల గొట్టాన్నీ ఒక్క ఊపున ఊడదీయాలి. నడుమ ఉన్న కీలానికి గోరు తగిలితే ఆ పూవు పోయినట్టే. మర్నాడు పొద్దున మగచెట్టు పూవు కోసుకొచ్చి పుప్పొడి రాసి, గుర్తుకు దారం కట్టాలి. ఎండ ముదిరితే పని పనికిరాదు. ఈ పని చేసింది చాలావరకు బడి మానిపించిన ఆడపిల్లలు. వేళ్లు సన్నం, మొక్క ఎత్తుకు సరిపోతారు అని పెద్దలు కారణాలు చెప్పేవాళ్లు. వాళ్లకిచ్చే కూలి తక్కువ అన్నదే అసలు కారణం. 1990లలో, 2000ల తొలి ఏళ్లలో పరిశోధకులు, బాలల హక్కుల సంఘాలు దీన్ని బయటపెట్టాక కొంత మార్పు వచ్చింది. అండం మీద పోగు కణం ఉబ్బే ఆ పొద్దునే, అదే పూవు ముందు ఒక పదేళ్ల పిల్ల వంగి నిలబడి ఉండేది. పత్తి శాస్త్రం చెప్పేవాళ్లు ఈ మాట వదిలేసి పోకూడదు.

2002 మార్చిలో, కాయతొలిచే పురుగును తట్టుకునేలా జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మన రాష్ట్రం ఆ విత్తనం ధర మీద 2006లో గుత్తాధిపత్య నిరోధక కమిషన్ ముందు పోరాడింది. 1,600 రూపాయలకు పైగా ఉన్న ప్యాకెట్టు 750కి దిగింది. పచ్చపురుగు మందుల ఖర్చు తగ్గిన మాట నిజం, తొలి ఏళ్లలో దిగుబడి పెరిగిన మాట నిజం. ఆ తర్వాత గులాబీ రంగు పురుగు బీటీకి తట్టుకోవడం నేర్చింది. లేత కాయలోకి దూరాక అది చేసిన రంధ్రం మూసుకుపోతుంది. లోపల గింజ తింటుంది, పోగుకు మరక పడుతుంది, కాయ విచ్చక గుడ్డికాయ అవుతుంది. దీనికి విరుగుడు డిసెంబరులోపు పంట తీసేసి కంప దున్నేయడమని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. సలహా సరైనదే. ముందు బెట్టకు కింది కాపు పోగొట్టుకున్న రైతు, వెనక వానకు మొక్క పెట్టిన రెండో కాపు మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. డిసెంబరులో దున్నమంటే ఆ రెండో అవకాశాన్ని కూడా వదులుకోమన్నట్టే. పత్తి మొక్కకున్న గొప్ప గుణాన్ని పురుగు మన నుంచి లాగేసుకుంది.

ఇదే కాలంలో తూర్పు రేగడిలో నాటు పత్తి చేలు శనగచేలుగా మారాయి. శనగ కూడా నేలలో దాగిన తేమ మీద పండుతుంది, ఖర్చు తక్కువ, యంత్రంతో కోత అవుతుంది. రైతును తప్పుపట్టడానికి లేదు. పడమట ఆదోని, ఆస్పరి, కోసిగి వైపు మాత్రం బీటీ సంకరాలు ఎర్రనేలల మీదికి కూడా ఎక్కాయి. తేమ నిలవని నేలలో, నీటి మీదే సాగే పొడుగు పోగు మొక్క. పూత మీద ఉన్నప్పుడు రెండు పదున్లు తప్పితే పెట్టుబడి కూడా తిరిగి రాదు. “పూత మీద ఒక్క పదును పడింటే మేము ఈ పొద్దు గుంటూరు బండి ఎక్కేవాళ్లం కాదు సార్” అని కోసిగి దగ్గర ఒక రైతు నాతో అన్నాడు. సుగ్గికి, అంటే కూలి వలసకు, పోయే కుటుంబాలు ఇంటికి తాళం వేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని మిరప కోతకు పోతాయి. వాళ్ల చేలో ఆ ఏడు పోగు సాగని మూడు వారాలే వాళ్ల పిల్లలకు బడి లేని మూడు నెలలు.

నాటు పత్తిని వెనక్కి తెమ్మంటే పాతకాలపు మోజు అనుకునేవాళ్లుంటారు. దాని లోపాలు నాకు తెలుసు. కాయ చిన్నది, పోగు పొట్టిది, కాయ పగిలాక పత్తి త్వరగా జారి నేలన పడుతుంది, కూలీలు దొరకని రోజుల్లో అది పెద్ద నష్టం. దాని బలాలూ తెలుసు. వేరు లోతుకు పోతుంది. పచ్చదోమకు తట్టుకుంటుంది. ఆకుముడత వైరస్ సోకదు. రకం కాబట్టి రైతు గింజ దాచుకోవచ్చు. సంకరమైతే ఏటా కొనాలి. ప్రపంచంలో పత్తి వేసే పెద్ద దేశాల్లో చాలావాటిలో రైతులు వేసేది రకాలే, పొలమంతా సంకరాలతో నింపింది మన దేశం. పోగు పొట్టిదన్న లోపానికి మందు లేకపోలేదు. మరాఠ్వాడాలో పర్భణి వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు మిల్లులు అడిగే పొడవుకు దగ్గరగా వచ్చే నాటు ఆర్బోరియం రకాలను తీసి చూపించారు. వాళ్ల నేలా రేగడే, వాళ్ల వానా మన వానలాగే నమ్మకం లేనిది. ఆ రకాలను నంద్యాల రకాలతో కలిపి, మన హింగారి అదనుకు సరిపడేలా ఎంచే పని నంద్యాల కేంద్రం పెద్ద ఎత్తున చేయాలని ఈ వేదిక మీద నుంచి కోరుతున్నాను. దానికి డబ్బు, మనుషులు, పదేళ్ల ఓపిక ఇవ్వవలసింది ప్రభుత్వం.

పొట్టి పోగు పనికిరాదన్న మాట కూడా సగమే నిజం. ఆసుపత్రుల్లో గాయానికి పెట్టే దూదికి పొడవు అక్కర్లేదు, మొరటుగా ఉండి నీరు పీల్చే నాటు పోగే దానికి మేలు. పరుపుకు, బొంతకు అదే కావాలి. గిరాకీ ఉంది గానీ, ఆ సరుకును విడిగా కొనేవాడు, విడిగా జిన్ను చేసేవాడు మన దగ్గర లేడు. పొడుగు పోగుతో కలిపి ఆడిస్తే రెండూ చెడతాయి. అందుకే ఎవరైనా పదెకరాల్లో నాటు పత్తి వేసినా దాన్ని పొడుగు పత్తి కుప్పలో కలిపేసి తక్కువ ధరకు అమ్ముకోవాలి. ఆదోనిలో గానీ, నంద్యాలలో గానీ ఒక్క జిన్నింగ్ మిల్లు వారానికి ఒక రోజు నాటు పత్తికి కేటాయించి, మార్కెట్ కమిటీ ఆ రోజున పోగును చేత్తో మాత్రమే కాక పరికరంతో కొలిచి, కొలత చీటీ రైతు చేతికి ఇస్తే, కోయిలకుంట్ల రేగడిలో కొర్ర సాళ్ల నడుమ పత్తి సాలు మళ్లీ వేయడానికి నలుగురు రైతులు ముందుకొస్తారు. వాళ్లలో ఇద్దరు ఈ సభలోనే కూర్చుని ఉన్నారు. ఉపన్యాసం అయ్యాక మార్కెట్ కమిటీ పెద్దలు వాళ్లతో ఒక అరగంట కూర్చోవాలని నా మనవి.